ఎర్రబారిన సున్నం

రాత తప్పులుంటే మన్నించండి. నలభై ఎనిమిదో ఏట పలక పట్టిన చెయ్యి ఇది. ఒత్తులు ఇప్పటికీ నాకు సరిగా లొంగవు. ఒక కాగితం నింపడానికి ఒక పూట పడుతుంది. పోయిన వారం భాగం రెండు రోజులు ఆలస్యంగా చేరిందని పత్రిక వాళ్ళు ఉత్తరం రాశారు. అందుకని ఈసారి పొయ్యి మీద ఎసరు పెట్టి, అది మరిగేలోగా ఒక కాగితం పూర్తి చేయాలని కూర్చున్నాను. ఎసరు ఇగిరిపోయింది, కాగితం సగమే అయింది.

రాయి కదిలిన దగ్గర కథ ఆపాను. అది పందొమ్మిది వందల ఎనభై ఎనిమిది, ఫిబ్రవరి నెల, సోమవారం తెల్లవారుజాము. ఆర్మూరు పసుపు యార్డులో కూలి చేసే ముగ్గురం, నేను, సాయవ్వ, లిదియా, గుట్టల మీదుగా పోచంపాడ్ దాకా జరగబోయే ఇరవై ఎనిమిది కిలోమీటర్ల పరుగు కోసం నాలుగు నెలలుగా సాధన చేస్తున్నాం. ఒక్కో ఊరి నుంచి ఇద్దరు ఆడవాళ్ళకే చోటు. చివరిదాకా పరుగెత్తిన వాళ్ళకు డ్యాం పక్క నర్సరీలో పని ఇప్పిస్తామని పరుగు పెట్టేవాళ్ళు అన్నారు. అంటే మా ముగ్గురిలో ఒకరు యార్డులోనే మిగిలిపోవాలి. ఎవరన్నది వచ్చే ఆదివారం ఊళ్ళో పెట్టే ఎంపిక పరుగులో తేలుతుంది. ఆ మాట ముగ్గురికీ తెలుసు. ఒక్కరం కూడా పైకి అనలేదు.

గుట్ట మీద మాకొక పద్ధతి ఉండేది. ఆదివారం సాయంత్రం సాయవ్వ సున్నం డబ్బా, కుంచె తీసుకుని పోయి, కదలని రాళ్ళను తట్టి చూసి, వాటి మీద తడి సున్నంతో గుర్తు పెట్టేది. మరునాడు చీకటి విడవగానే ఆ తెల్ల గుర్తుల మీదే కాలు వేస్తూ దిగేవాళ్ళం. గుర్తు లేని రాయి మీద కాలు పెట్టకూడదు. గుర్తు ఉన్న రాయిని అనుమానించకూడదు.

ఎప్పుడూ ముందు నేనే. ఆ రోజు మాత్రం మడమలో రేగు ముల్లు దిగి కూర్చున్నాను. లిదియా నన్ను దాటుతూ నవ్వింది.

"ఇయ్యాల నేనే ముందు లసుమక్కా. నా ఈపు చూసుకుంట రా."

వెనక నుంచి సాయవ్వ కేక వినిపించింది. "లిదియా! ఆగే!"

తలెత్తాను. అప్పుడు రాయి కదిలింది.

బండి చక్రమంత రాయి అది. లిదియా పాదం కింద ఒక్కసారి ఊగి, ఆమెను కిందికి విసిరి, ఆమె వెనకే దొర్లింది. ఎండిన పసుపు కొమ్మును బేరగాళ్ళు విరిచి చూస్తారు చూడండి, సరిగ్గా ఆ చప్పుడు వచ్చింది. ఎడమ కాలు మోకాలి కింద రెండు బండల మధ్య ఇరుక్కుంది. మొదట ఆమె అరవలేదు. కాలి వైపు చూసి, "ఇది నాదేనా?" అని అడిగింది. ఆ తర్వాత అరిచింది.

సాయవ్వ, నేను రాయికి భుజాలు పెట్టాం. మొదటిసారి అది జానెడు లేచి మళ్ళీ అదే కాలి మీద కూర్చుంది. ఆ తప్పు నాదే, నా పాదం జారింది. రెండోసారి సాయవ్వ పిచ్చిదానిలా పళ్ళు బిగించి నెట్టింది. నేను లిదియా చంకల కింద చేతులు వేసి లాగాను. పిక్క చీలి తెల్లటి ఎముక బయటికి పొడుచుకొచ్చింది. నా కొంగు చింపి కట్టాను. రెండు నిమిషాల్లో అది తడిసి ముద్దయింది.

అప్పుడు చూశాను. పెద్ద రాయి దొర్లకుండా దాని కింద ఇరికి ఉండాల్సిన ఆపు రాయి, తలకాయంతది, నాలుగడుగుల దూరంలో పడి ఉంది. దాని మీద సున్నం కారి ఉంది. సున్నం మీద ఎర్రగా చేతి గుర్తు. నాలుగు వేళ్ళు, అరచేతి మొదలు. ఎవడో దాన్ని పీకాడు. పీకేటప్పుడు చెయ్యి తెగింది. రక్తం అంటింది. నాకు అంతకు మించి ఆలోచన రాలేదు.

రాయిని మిగిలిన కొంగులో మూటగట్టి నడుముకు కట్టుకున్నాను.

"గది ఎందుకే? పారెయ్," అంది సాయవ్వ. "పిల్ల పానం పోతాంటె రాళ్ళు మోస్తవా?"

"మోస్త," అన్నాను.

వంతులు వేసుకుని లిదియాను వీపున మోసుకుంటూ దిగాం. నా వంతులో ఆమె నొప్పి ఓర్చుకోలేక నా భుజాన్ని కొరికింది. పళ్ళు దిగిన మచ్చ ఇప్పటికీ ఉంది. దవాఖానలో డాక్టరు కట్టు విప్పి చూసి, మళ్ళీ కప్పేశాడు.

"రెండు తాన్ల ఇరిగింది. నిజామాబాద్ తీసుకపోండ్రి. కాలు ఉంటదా, తీస్తరా, ఆడ చెప్తరు."

లిదియా తల్లి భాగ్యవ్వ గోడకు తల కొట్టుకుంది. జీపు దొరికేసరికి మధ్యాహ్నం అవుతుందన్నారు. అప్పటిదాకా ఇంట్లోనే పడుకోబెట్టమని సూది వేసి పంపారు. లిదియాను ఇంట్లో దింపి, రాయిని అక్కడే మూలన పెట్టి, నేను, సాయవ్వ నేరుగా యార్డుకు పోయాం. ఇద్దరి మనసులో ఒకే పేరు ఉందనుకున్నాను.

గంగాదాస్ మా ముకద్దం. కూలీలను పెట్టుకునేది, తీసేసేది అతనే. మేం గుట్ట ఎక్కడం మొదలుపెట్టినప్పటి నుంచి అతని నోటికి అడ్డు లేదు. అంతకు ముందు శుక్రవారం అందరి ముందు అన్నాడు: "గుట్టలెక్కితె మొగోళ్ళయితరా? కాళ్ళిరగ్గొట్టుకోని నా తానికి రాకుండ్రి."

ఆ ఉదయం గోనె సంచుల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఎడమ చేత్తో తాగుతున్నాడు. కుడి చేతికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ మీద రక్తం మరక.

"ఏమే లసుమీ, పొద్దెక్కినంక వస్తున్నవ్? పోచంపాడ్ దాక పోయొచ్చినవా ఏంది?" అన్నాడు. హమాలీలు నవ్వారు.

"చెయ్యికేమైంది?" అని అడిగాను.

"నీకెందుకే? మందు రాస్తవా?"

ఎండబోసిన పసుపును తిరగేసే కర్ర పార గోడకు ఆనించి ఉంది. దాన్ని తీసి అతని మోకాలి మీద కొట్టాను. చాయ్ గ్లాసు ఎగిరిపోయింది. లేవబోయాడు. రెండో దెబ్బ భుజం మీద, మూడోది మెడ మీద పడ్డాయి. పార విరిగింది. చేతిలో మిగిలిన ముక్కతో ముఖం మీద కొట్టాను. కొడుతున్నప్పుడు నాకు లిదియా కాలే కనిపిస్తోంది. పన్ను ఒకటి ఊడి పసుపు కుప్ప మీద పడింది. ఆ కుప్పలో దాన్ని వెతికినా దొరకదు, రెండూ ఒకే రంగు.

"ఏందే మీకు! పిచ్చి లేసిందా!" అని అరుస్తున్నాడు. "నేనేం జేసిన!"

అప్పుడు సాయవ్వ బస్తాలు ఎత్తే ఇనుప కొక్కెం అందుకుంది.

నేను కోపంతో కొట్టాను. ఆమె కొట్టింది అలా లేదు. ఎన్నాళ్ళ నుంచో ఆ పని కోసం ఎదురుచూస్తున్నట్టు, మాట లేకుండా, తొందర లేకుండా కొట్టింది. మొదటి దెబ్బకు చెంప చీలింది. రెండో దెబ్బకు కొక్కెం చెవిలో దిగింది. ఆమె లాగింది. కుడి చెవి సగం తెగి వేలాడింది. మూడోసారి చెయ్యి ఎత్తినప్పుడు కొక్కెం మొన అతని కంటికి సూటిగా ఉంది. నేనే ఆమె నడుము పట్టి వెనక్కి లాగాను.

"ఇడువే! ఒక్క కన్ను తియ్యనియ్యే!" అని నా చేతుల్లో గింజుకుంది.

హమాలీలు అడ్డం పడ్డారు. గంగాదాస్ చెవిని రెండు చేతులతో పట్టుకుని పసుపులో దొర్లుతున్నాడు. చేతికి చుట్టిన గుడ్డ ఊడిపోయింది. అరచేతి మధ్యలో గుండ్రటి రంధ్రం.

"కొక్కెం దిగిందే... నిన్న... బస్తా ఎత్తంగ..." అంటున్నాడు. "నేను గుట్టెక్కలే. మా అవ్వ మీద ఒట్టు. నాకు మోకాళ్ళ నొప్పులే..."

"నిన్న మా ముందల్నే దిగింది," అన్నాడు ఒక ముసలి హమాలీ. నా వైపు చూడకుండా ఇంకో మాట కూడా అన్నాడు. "ఈయన తమ్ముడు హనుమాన్లు దొంకేశ్వర్ల ఉన్నడు. కబురు పోయింది. వాడు అడిగి కొట్టేటోడు కాదు. మీరు ఊరిడిసి పోండ్రి బిడ్డా."

నా చేతిలో పార ముక్క ఇంకా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

భాగ్యవ్వ ఇంటికి వచ్చేసరికి జీపు ఇంకా రాలేదు. లిదియా సూది మత్తులో మూలుగుతోంది. భాగ్యవ్వ ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి పసుపు కలుపుతోంది. దిష్టికి ఎర్రనీళ్ళు.

"మీది చర్చి గద పెద్దమ్మా," అన్నాను.

"పాస్టరయ్యకు జెప్పకు. బిడ్డ కాలు నిలబడనీకె దిష్టి తీస్తె యేసయ్య అలుగుతడా?" అంది. సాయవ్వ వైపు తిరిగింది. "నీ డబ్బల సున్నముంటది గద, జర ఇయ్యే."

"లేదు పెద్దమ్మా. ఒడిసింది," అంది సాయవ్వ. అప్పటిదాకా లిదియా పక్కన కూర్చుని ఉన్నది లేచింది. "నేను ఇంటికి పోయి బట్ట మార్చుకోని వస్త." ఆమె చీర మీద గంగాదాస్ రక్తం ఉంది. పోనిచ్చాను.

భాగ్యవ్వ తన ఆకువక్కల డబ్బాలోంచి గోటితో ఇంత సున్నం తీసి పళ్ళెంలో కలిపింది.

నీళ్ళు ఎర్రబారాయి.

పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. పసుపు తిరగేసి వచ్చిన కాళ్ళు సబ్బుతో కడిగితే ఎర్రబడతాయని, చింతపండు రుద్దితే మళ్ళీ పచ్చబడతాయని యార్డులో పనిచేసే ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. నేను కూడా చెబుతాను. ఆ పొద్దున తప్ప.

నడుముకు కట్టుకొచ్చిన రాయి మూలన ఉంది. పొయ్యి దగ్గర గురిగిలో చింతపులుసు ఉంటే, వేలితో తీసి, రాయి మీది చేతి గుర్తులో చిటికెన వేలి మీద రాశాను. ఎరుపు పోయి పచ్చబడింది. రక్తమైతే రక్తంగానే ఉండేది. ఇది పసుపు. పసుపు పట్టిన చెయ్యి సున్నానికి తగిలింది.

"ఏమైందే?" అంది భాగ్యవ్వ.

"ఏం లేదు పెద్దమ్మా. నువ్వు దిష్టి తియ్యి."

ఆరిన సున్నం మీద పొడి చెయ్యి పెడితే ఇలా అచ్చు పడదు. సున్నం తడిగా ఉండాలి. ఆదివారం సాయంత్రం గుట్ట మీద తడి సున్నం పక్కన ఉన్నది ఒక్కతే.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ముందు కేక వినిపించింది. ఆ తర్వాత రాయి కదిలింది.

రాయిని మళ్ళీ కొంగులో కట్టుకుని సాయవ్వ ఇంటికి పోయాను. ఒక్క గది ఇల్లు. తలుపు వేసి గడియ పెట్టాను. ఆమె మూలన, స్నానం చేసే జాలారు దగ్గర కూర్చుని కుడి చెయ్యి తోముకుంటోంది. ఇటుక ముక్కతో తోముతోంది. తోలు లేచి నీళ్ళలో రక్తం పోతోంది.

"ఏం తోముతున్నవే?" అన్నాను.

"కొక్కెం తుప్పంటింది."

"సబ్బు పెట్టకు. సబ్బు పెడితె ఇంక ఎర్రగైతది. చింతపండు పెట్టు."

ఇటుక ముక్క ఆగింది. ఆమె తల తిప్పలేదు.

జుట్టు పట్టి వెనక్కి లాగాను. నేల మీద వెల్లకిలా పడింది. మీద కూర్చుని చెంపలు వాయించాను. నాలుగు, ఐదు, ఎన్నో. ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు. ముక్కులోంచి రక్తం వచ్చి నోట్లోకి పోతోంది, మింగుతోంది. అది చూసి నాకు ఇంకా కోపం వచ్చింది.

"రాయి కదిలినంక కేకెయ్యాలె గదే ఎవ్వరైనా! నువ్వు ముందే కేకేసినవ్! నువ్వు సున్నం పెట్టిన రాయే అది! నువ్వే పీకినవ్ ఆపు రాయి!"

"అవు."

"లిదియా నీకేం జేసిందే? నిన్ను అక్కా అక్కా అని తిరిగింది గదనే! నువ్వు అలిసిపోతె నీ నీళ్ళ సీస కూడ అదే మోసింది!"

"లిదియా కోసం కాదే," అంది సాయవ్వ. రక్తం ఉమ్మింది. "ఎప్పుడు ముందు నువ్వే గద."

ఎత్తిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. నా మడమలో పొద్దుటి ముల్లు ఇంకా సలుపుతోంది. ఆ ముల్లే నన్ను కూర్చోబెట్టింది.

"నన్ను సంపుదామని జేసినవా?"

"కాలు... కాలొక్కటి ఇరుగుతదనుకున్న. నువ్వు ఆగిపోతె నేను, లిదియా పోతుంటిమి. నీకేమే, మీ ఆయన దుబాయిల ఉన్నడు. ఇయ్యాల కాకుంటె రేపు నిన్ను యార్డు మాన్పిస్తడు. నన్నెవలు మాన్పిస్తరు?" ముక్కు తుడుచుకుంది. "రెండేండ్లయిందే. సంచుల గోదాముల గంగాదాస్ చెయ్యి నా మీద పడవట్టి. పొద్దుగాల పనికి పేరు రాస్తడు, మాపటికి గోదాముకు పిలుస్తడు. వాడు లేని జాగ ఒక్కటి కావాలె నాకు. గా నర్సరీ కావాలె. నీ అంత జోరుగ నేను ఉరకలేను. నాలుగు నెల్ల సంది చూస్తున్న, నీ ఈపే చూస్తున్న."

కొక్కెం ఎందుకు అలా దిగిందో అప్పుడు అర్థమైంది. నేను లిదియా కోసం కొట్టాను. ఆమె తన కోసం కొట్టింది. నేను గంగాదాస్ మీద మోపిన తప్పుడు నింద ఆమె చేతికి ఒక నిజమైన పగను అందించింది.

"మరి గా రాయి ఆని మీద దొర్లియ్యరాదే, ముండా!" అన్నాను.

"ఆడు గుట్టెక్కడు గదనే," అంది.

నవ్వు వచ్చింది. ఏడుపో నవ్వో, రెండూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరికీ వచ్చాయి. ఆమె మీద కూర్చునే, ఆమె మెడ మీద చెయ్యి ఉంచే నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే లిదియా అడిగిన మాట గుర్తొచ్చింది. ఇది నాదేనా అని అడిగింది, తన కాలిని చూసి. కొంగు విప్పి రాయి తీశాను. రెండు చేతులా ఎత్తాను. ఆమె ముఖానికి సూటిగా.

"ఎయ్యి," అంది సాయవ్వ. కళ్ళు మూసుకోలేదు. "నీకు హక్కుంది. ఎయ్యి లసుమీ."

వేసేదాన్నేమో. అంతలో ఎవరో తలుపు మీద కాలితో తన్నిన దెబ్బకు గడియ అదిరింది.

"లసుమీ! బయటికి రాయే! మా అన్న చెవి కోసినోళ్ళు యాడున్నరే!"

హనుమాన్లు గొంతు. వెనక ఇంకా మగవాళ్ళ గొంతులు, నలుగురో ఐదుగురో. రెండో తన్నుకు తలుపు చెక్క నిలువునా పగిలింది. ఆ సందులోంచి ఎండ గీతలా వచ్చి సాయవ్వ ముఖం మీద పడింది. నేను ఆమె మీంచి లేచాను. ఆమె కూడా లేచి గోడకు ఆనుకుంది. ఇటుకతో తోమిన చెయ్యి దాచుకోవాలని కూడా తోచలేదు ఆమెకు. కూడళ్ళలో నిలబడి ఎంతమందినైనా తిట్టగల మనిషి, ఆ రోజు నా వీపు చాటుకు జరిగింది.

మూడో తన్ను పడకముందే నేనే పోయి తలుపు తీశాను. రాయి చేతిలోనే ఉంది.

హనుమాన్లు వయసులో నాకంటే చిన్నవాడు. యార్డులో పండగ రోజున నన్ను వదినె అని పిలిచేవాడు. ఆ రోజు ఆ పిలుపు లేదు. అతని చేతిలో కొక్కెం ఉంది. అదే కొక్కెం. మొనకు అతని అన్న రక్తం, దాని మీద పసుపు దుమ్ము.

"ఇద్దరు కొట్టిండ్రన్నరు. మా అన్నకు సోయి లేదు, ఎవలు దేంతోని కొట్టిండ్రో హమాలీలు చెప్తలేరు," అన్నాడు. గొంతు తగ్గించాడు. తగ్గించిన గొంతుకే నాకు భయమేసింది. "కట్టెతోని కొట్టినోళ్ళకు కట్టె. కొక్కెంతోని కొట్టినోళ్ళకు కొక్కెం. గంతే. నువ్వు అబద్ధమాడవని యార్డంత అంటది. చెప్పు. గిది ఎవలి చేతుల ఉండె?"

లిదియాను తీసుకుపోయే జీపు ఎక్కడో వీధి చివర హారను కొట్టింది. చేతిలో రాయి మీద మూడు వేళ్ళు ఎర్రగా, ఒక వేలు పచ్చగా.

నాలుగు నెలలు సాయవ్వ పెట్టిన గుర్తు మీద నేను కాలు పెట్టాను, అనుమానించకుండా. ఇప్పుడు ఆమె నా మాట మీద కాలు పెట్టి నిలబడి ఉంది.

నోరు తెరిచాను. ఏమన్నానో వచ్చే వారం రాస్తాను.

— లసుమవ్వ, వయసు అరవై ఒకటి, ప్రస్తుతం ఉంటున్నది మాక్లూర్‌లో.